కావలి పెరట్లో బ్లాక్ కరెంట్ కాస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. ఇంటి వెనకాల కొంచెం ఖాళీ స్థలం ఉంది. ఎర్ర ఇసుక నేల, బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి. మా పాపకు బ్లాక్ కరెంట్ ఐస్‌క్రీమ్ అంటే ప్రాణం. ఆ పండులో విటమిన్ సి, ఐరన్ బాగా ఉంటాయని విని పెరట్లోనే పెంచుదామనుకున్నాం. డ్రై ఫ్రూట్స్ షాపులో కొన్న బ్లాక్ కరెంట్లు నానబెట్టి నాటితే ఒక్కటీ మొలవలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన విత్తనాలదీ అదే కథ. రెండేళ్ల క్రితం ఒక నర్సరీలో బ్లాక్ కరెంట్ అని ఇచ్చిన మొక్క మాత్రం నడుమెత్తు పెరిగింది. నిండా ముళ్లు, ఆకు తుంచితే పాలు కారతాయి. మొన్న ఎండాకాలంలో తెల్లటి పూలు పూసి, గులాబీ రంగు కాయలు కొన్ని కాసింది. కొరికితే ఒకటే పులుపు, పెదాలకు జిగురు. విషమేమోనని భయపడి పారేశాం. మా అత్తగారు ఇది వాక్కాయే అంటారు. నర్సరీ అతను కాదంటాడు. ఈ మొక్క పీకేసి అసలైన బ్లాక్ కరెంట్ తెప్పించుకోవాలా? మా ఊళ్లో అది కాస్తుందా?

సమాధానం:

అమ్మా, ముందు ఆ మొక్కను పీకకండి. మీ అత్తగారు చెప్పిందే నిజం. మీరు రాసిన గుర్తులన్నీ వాక్కాయవే.

మీ సందేహం పూర్తిగా తీరాలంటే ఒకసారి మొక్క దగ్గరికి వెళ్లి చూడండి. వాక్కాయకు ఆకులు కొమ్మకు రెండు వైపులా ఎదురెదురుగా, జంటలుగా వస్తాయి. కోలగా, దళసరిగా, పైన నున్నగా మెరుస్తుంటాయి. ఆకు మొదట్లో జంట ముళ్లు ఉంటాయి, వాటిలో కొన్ని చివర రెండుగా చీలి ఉంటాయి. పూవుకు ఐదు రెక్కలు, దగ్గరికి వెళితే మల్లెపూల లాంటి వాసన. వచ్చే ఏడు కాయ కాసినప్పుడు అడ్డంగా కోసి చూడండి, మధ్యలో చదునైన చిన్న గింజలు కొన్ని కనిపిస్తాయి, అంచు నుంచి తెల్లటి పాలు ఊరతాయి.

అసలు బ్లాక్ కరెంట్ పొద దీనికి పూర్తిగా వేరు. దానికి ముళ్లుండవు, పాలు కారవు. ఆకు కోలగా ఉండదు, మూడు నుంచి ఐదు చీలికలతో అరచేయి ఆకారంలో ఉంటుంది. నలిపితే ఘాటైన వాసన కొడుతుంది. పండ్లు చిన్న చిన్న గుత్తులుగా కిందికి వేలాడతాయి. ఈ రెండు మొక్కలనూ పక్కపక్కన పెడితే ఎవరూ పొరబడరు. వాక్కాయ పండితే ముదురు ఎరుపు దాటి నల్లబడుతుంది, రుచి పుల్లగా ఉంటుంది. పైగా ఇంగ్లీషులో దీన్నీ ఒక రకం కరెంట్ అనే పిలుస్తారు. నర్సరీల్లో ఆ పేరు అంటుకుని ఉంటుంది.

విషం అన్న మీ భయం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది అర్థం లేని భయం కాదు. వాక్కాయది గన్నేరు కుటుంబం. ఆ కుటుంబంలో ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు లాంటి ప్రాణాంతకమైన మొక్కలున్నాయి. వాటికీ పాలు కారతాయి. తెలియని మొక్కకు పాలు కారితే దాని కాయను నోట్లో పెట్టుకోకపోవడమే మంచిది, పాపకు కూడా ఈ మాట చెప్పండి. కానీ గన్నేరుకు ముళ్లుండవు, వాక్కాయకు నిండా ఉంటాయి. మీ దగ్గర ఉన్నది మన ఇళ్లలో తరతరాలుగా పప్పులో, పచ్చడిలో వేసుకుని తింటున్న కాయే. మీ పెదాలకు అంటిన జిగురు పచ్చికాయ పాలదే. దాన్ని పోగొట్టే పద్ధతి కింద చెబుతాను.

ఇక మీ అసలు ప్రశ్న, కావలిలో బ్లాక్ కరెంట్ కాస్తుందా అని. కాయదు. ఎరువు మార్చినా, నీడ వేసినా, ఎంత ఖరీదైన మొక్క తెప్పించినా కాయదు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఆశపెట్టి మొక్కలు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఇప్పటికే మూడు రకాలుగా డబ్బు ఖర్చుపెట్టారు.

బ్లాక్ కరెంట్ ఉత్తర ఐరోపా, ఉత్తర ఆసియాల చలిదేశాల పొద. అక్కడ శీతాకాలం వస్తే ఆకు మొత్తం రాల్చేసి నిద్రలోకి పోతుంది. ఆ నిద్ర తీరాలంటే దానికి చలి కావాలి. రకాన్ని బట్టి 800 నుంచి 1,600 గంటల దాకా 7 డిగ్రీల లోపు చలి తగిలితేనే వసంతంలో మొగ్గలు సరిగ్గా విచ్చుకుంటాయి. వెయ్యి గంటలే అనుకున్నా, అన్నీ కలిపితే రాత్రీ పగలూ 41 రోజులకు పైగా ఆ చలి ఉన్నట్టు లెక్క. మనకు డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఒక్క గంట కూడా లెక్కకు రాదు. మన రాష్ట్రంలో చలికి పేరుపడిన లంబసింగిలో కూడా ఆ చలి కొన్ని రోజుల తెల్లవారుజాముల వరకే, పొద్దెక్కితే ఎండ వచ్చేస్తుంది.

ఆ చలి అందకపోతే కొన్ని మొగ్గలు విచ్చుకుంటాయి, కొన్ని అలాగే ఎండిపోతాయి, పూత రాదు. ఆ తర్వాత మన ఎండాకాలం. 42, 43 డిగ్రీల ఎండ, దానికి తోడు రోహిణి కార్తె వడగాలి. ఆ పొద వేర్లు నేల పైపొరలోనే ఉంటాయి, చల్లటి తడినేలకు అలవాటుపడ్డవి. మన ఇసుక నేల మధ్యాహ్నం కాళ్లు పెట్టలేనంతగా కాలుతుంది. ఒక్క వేసవి దాటడం కూడా కష్టమే. కుండీలో పెట్టి ఫ్రిజ్‌లో చలి తగిలిద్దామని కొందరు అడుగుతుంటారు. నెలన్నర పాటు ఫ్రిజ్ ఖాళీ చేసి మొక్కకు అప్పగించినా, బయటికి తీశాక ఈ ఎండను దాటించే దారి లేదు. మన దేశంలో ఈ జాతి పొదలు బతికేది హిమాలయాల చలి ప్రాంతాల్లోనే.

ఆన్‌లైన్ విత్తనాలు మొలవకపోవడానికీ కారణం ఇదే. అవి నిజంగా బ్లాక్ కరెంట్ గింజలే అయినా, తడి మట్టిలో మూడు నాలుగు నెలలు చలి తగిలితేనే మొలకెత్తుతాయి. మీరు చేసిన పనిలో లోపమేమీ లేదు.

డ్రై ఫ్రూట్ సంగతి వేరు. మన షాపుల్లో బ్లాక్ కరెంట్ అని అమ్మే ఎండు పండ్లు చాలావరకు ఎండబెట్టిన నల్ల ద్రాక్షే. అందులో చిన్నవి గింజలేని రకం ద్రాక్షవి, అవి ఎలా మొలుస్తాయి? తినడానికి మంచివే. అయితే మీరు వెతుకుతున్న విటమిన్ సి వాటిలో దాదాపు ఉండదు.

విటమిన్ సి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అసలు బ్లాక్ కరెంట్‌లో అది నిజంగానే ఎక్కువ, 100 గ్రాముల పండులో సుమారు 180 మిల్లీగ్రాములు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు నారింజల దిగుమతి ఆగిపోయినప్పుడు అక్కడి ప్రభుత్వం ఆ పంటను ప్రోత్సహించి, 1942 నుంచి దాని సిరప్ చిన్నపిల్లలకు ఉచితంగా పంచింది. వాళ్లకు దగ్గర్లో దొరికిన మంచి పండు అది. మనకు దగ్గర్లో జామ ఉంది. అంతే బరువున్న జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటుతుంది. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. పాప కోసమైతే రోజుకో జామపండు చాలు. ఐరన్ తక్కువని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం పండ్ల మీద ఆధారపడొద్దు, ఆయన రాసిన మందులు వాడుతూ మునగాకు, ఆకుకూరలు పెట్టండి.

ఇప్పుడు మీ వాక్కాయ దగ్గరికి వద్దాం. మీ నేలకు, మీ నీళ్లకు ఇంతకంటే సరిపోయే పండ్ల పొద నాకు తోచడం లేదు. ఎర్ర ఇసుక నేలను, రాళ్ల నేలను తట్టుకుంటుంది. బోరు నీళ్లలో కాస్త ఉప్పున్నా ఓర్చుకుంటుంది. ఒకసారి వేరూనిందంటే నడివేసవిలో నెలకు రెండు మూడు తడులిచ్చినా నిలబడుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన కలివి మన కొండల్లో, చిట్టడవుల్లో ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. ఉదయగిరి వైపు బంధువులుంటే అడగండి, కలివిపండ్లు తెలియనివాళ్లుండరు. ఆ పొదల నీడన తిరిగే పిట్టనే మనవాళ్లు కలివికోడి అన్నారు. అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. ఇంగ్లీషులో దానికి పక్షుల మీద పరిశోధన చేసిన జెర్డాన్ పేరు పెట్టారు. ఆయన 1840ల్లో మన నెల్లూరులోనే డాక్టరుగా పనిచేశాడు. ఈ ముళ్లపొదలు మన నేలవే అన్నది మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

మీ మొక్క భరించలేనిది ఒక్కటే, మొదలు దగ్గర నీళ్లు నిలవడం. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, వాయుగుండం పడితే రెండు రోజులు ఊరంతా చెరువే. కాబట్టి వానలు మొదలయ్యేలోపు మొక్క చుట్టూ ఉన్న పాదు పూడ్చేసి, మొదట్లో మట్టి కాస్త ఎత్తు చేయండి, నీళ్లు పక్కకు పోయేలా చిన్న కాలువ తీయండి. వేసవికి మళ్లీ పాదు కట్టుకోవచ్చు. ఇసుక నేల కాబట్టి మీకు ఇబ్బంది తక్కువే. ఒంగోలు వైపు నల్లరేగడి నేలల్లో పెంచేవాళ్లు మాత్రం గట్టు మీదే నాటుకోవాలి.

ఎరువు విషయంలో పెద్దగా టెన్షన్ పడనక్కర్లేదు. వానలు పడుతున్నప్పుడు ఒక గంప బాగా చివికిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి, కాండానికి మూరెడు దూరంలో చుట్టూ వేసి మట్టి కప్పండి. యూరియా జోలికి వెళ్లకండి. నత్రజని ఎక్కువైతే ఆకు, ముల్లు పెరుగుతాయి తప్ప కాయ రాదు. పురుగుల బెడద తక్కువ. లేత చిగుళ్ల మీద తెల్లటి పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

ఈ ఏడాది కాయలు కొన్నే వచ్చాయని రాశారు. రెండేళ్ల మొక్కకు అవి ఎక్కువే. గింజ నుంచి పెరిగిన వాక్కాయ మామూలుగా మూడో ఏడు నుంచి కాపుకొస్తుంది, ముదిరే కొద్దీ ఏటా కొన్ని కిలోలు ఇస్తుంది. పూత వేసవికి ముందు మొదలై, పచ్చికాయలు మే, జూన్ నుంచి కోతకొస్తాయి. కోయకుండా చెట్టుకే ఉంచితే ఇంకొన్ని వారాలకు ముదురు రంగు తిరిగి నల్లగా పండుతాయి. పూత నిలబడి పిందె పడుతున్న రోజుల్లో మాత్రం వారానికో తడి తప్పకుండా ఇవ్వండి. అప్పుడు నేల ఎండిపోతే పిందె రాలిపోతుంది.

కత్తిరింపు కాపు అయిపోయాకే చేయాలి. పూత ముందు కత్తిరిస్తే ఆ ఏడు కాయలు పోయినట్టే. దారిలోకి వచ్చే కొమ్మలు, నేలను తాకేవి, పొద నడుమ ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేయండి. మధ్యలోకి గాలీ వెలుతురూ పోవాలి. తోలు గ్లౌజులు లేకపోతే పాత జీన్స్ గుడ్డ రెండు మడతలు చేతికి చుట్టుకోండి. కత్తిరించిన ముళ్లకొమ్మలను వెంటనే ఏరేయండి, ఎండిన వాక్కాయ ముల్లు చెప్పు అడుగులోంచి కూడా దిగుతుంది. పాప ఆడుకునే చోట పొద ఉంటే, ఆమె భుజం ఎత్తు వరకు దారివైపు కొమ్మలు తీసేయాల్సిందే.

మీకు స్థలం ఉంది కాబట్టి వెనక గోడ పొడుగునా మరో నాలుగైదు మొక్కలు నాటమని నా సలహా. మీటరుకొకటి చొప్పున పెడితే కొన్నేళ్లకు మేకలు, కుక్కలు దూరలేని కంచె అవుతుంది, కాయలకు కాయలూ వస్తాయి. వచ్చే ఏడు మీ మొక్క మీదే బాగా నల్లబడిన పండ్లు కొన్ని వదిలి, గింజలు తీసి కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి వెంటనే కవర్లలో నాటండి. దాచిపెడితే మొలకశక్తి త్వరగా పోతుంది. ఆగలేకపోతే నర్సరీలో ఈసారి వాక్కాయ అని తెలుగులోనే అడగండి. పెద్ద కాయల రకం కావాలంటే పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ ఉన్నాయి. కొంకణ్ బోల్డ్ అని మరొకటి ఉంది. అవి దొరక్కపోయినా నష్టం లేదు, నాటు మొక్క పప్పుకూ పచ్చడికీ బ్రహ్మాండంగా ఉంటుంది. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత చాలు. అక్టోబరు మొదటి వానలకు నాటితే సంక్రాంతికి వేరూనుకుంటుంది.

కొత్తగా నాటిన వాక్కాయలు కాపుకు రావడానికి టైమ్ పడుతుంది, పాపకు అంత ఓపిక ఉండదు. ఆమె కోసం పక్కనే ఒక మల్బరీ పెట్టండి. పట్టుపురుగుల మేతకు మదనపల్లె, హిందూపురం వైపు వేసే మొక్క ఇదే. పెన్సిలు మందం ఉన్న జానెడు కొమ్మ, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చి తడి ఆరకుండా చూస్తే చిగురిస్తుంది. ఏడాది లోపే పండ్లు చూడొచ్చు. కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తే కొత్త చిగురుతో పాటే మళ్లీ పిందెలు వస్తాయి. ముళ్లుండవు, పండు తియ్యగా, నల్లగా ఉంటుంది. పిల్లలు చెట్టు కిందే నిలబడి తినేస్తారు. బట్టల మీద పడితే మరక మాత్రం వదలదు. జామ మొక్క ఒకటి ఎలాగూ పెడతారని అనుకుంటున్నాను.

చివరగా ఐస్‌క్రీమ్. పాపకు ఇష్టమైన ఆ ముదురు ఊదా రంగు, ఆ తీపి పులుపు మీ వాక్కాయలతోనే తెచ్చుకోవచ్చు. కొంచెం తేడా ఉంటుంది, కానీ పిల్లలు కాదనరు. బేకరీల్లో కేకు మీద పెట్టే ఎర్రటి చెర్రీల్లో చాలావరకు రంగు వేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయలేనని తెలుసా? జెల్లీ గట్టిపడటానికి కావలసిన పెక్టిన్ ఈ కాయలో సహజంగానే పుష్కలంగా ఉంది, బయటి నుంచి ఏదీ కలపనక్కర్లేదు.

బాగా నల్లబడిన పండ్లు అర కిలో, వాటితో పాటు ఇంకా ఎరుపు మీదున్న దోర కాయలు ఒక గుప్పెడు తీసుకోండి. పెక్టిన్ దోర కాయల్లోనే ఎక్కువ. తొడిమలు తీసి, ఉప్పు వేసిన నీళ్లలో అరగంట ఉంచి, రెండు మూడుసార్లు కడగండి, పాలు పోతాయి. కోసేటప్పుడు వేళ్లకు, కత్తికి కొబ్బరినూనె రాసుకుంటే జిగురు అంటదు. స్టీలు గిన్నెలోనే ఉడకబెట్టండి. పులుపు ఎక్కువ కాబట్టి అల్యూమినియం, ఇత్తడి పనికిరావు. కాయలు మునిగేంత నీళ్లు పోసి, మెత్తబడే దాకా పావుగంటో ఇరవై నిమిషాలో సన్నమంట మీద ఉడికించి, గరిటెతో మెదిపి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఆ రసం ఎన్ని గ్లాసులుంటే అందులో ముప్పాతిక వంతు పంచదార వేసి మరిగించండి. గరిటె ఎత్తి వంచితే చుక్కలు విడివిడిగా పడకుండా రెండు చుక్కలు కలిసి పొరలా జారే దగ్గర దించేయాలి. ఇంకాస్త ఉంచితే చల్లారాక రాయి అవుతుంది.

తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇంట్లో చేసిన ఐస్‌క్రీమ్ సగం గడ్డకట్టాక ఈ జెల్లీ రెండు మూడు గరిటెలు వేసి, పూర్తిగా కలిపేయకుండా ఒకసారి తిప్పి మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే చారలు చారలుగా వస్తుంది. పచ్చికాయలు దొరికినప్పుడు మాత్రం వంటగది మీ అత్తగారికి వదిలేయండి. పప్పులోకి ఎన్ని వేయాలో ఆమెకు తెలిసే ఉంటుంది. చింతపండు మానేయాలి, గింజ తీసేసి వేయాలి.